ఓడెక్కిన పేరు

పొద్దున్నే ఆడవాళ్ళు రోళ్ళ దగ్గర చేరి మొక్కజొన్న దంచుతుంటే ఆ చప్పుడుకే ఊరు లేచేది. ఒక్క అరాకున్ మాత్రం ఆ గుంపులో కనిపించేది కాదు. అప్పటికే రేవులో ఉండేది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, నానబెట్టిన జింకతోలు రాతి మీద పరిచి, ఆల్చిప్పతో గీకుతూ ఉండేది. గీకడం అయ్యాక అరచేత్తో రుద్దేది. రుద్దిన చోటే మళ్ళీ రుద్దేది. ఎక్కడ గరుకు మిగిలిందో కళ్ళకు తెలియదు, చేతికే తెలుస్తుంది అనేది.

ఆమెకు కాస్త అవతల, రెల్లు మొదట్లో, అసలు అరాకున్‌లు ఉండేవి. కళ్ళ మీద మసి పూసుకున్నట్టు నల్లటి పట్టీ, తోకకు చారలు, చంటిపిల్లల చేతుల్లాంటి చేతులు. రాత్రంతా తిరిగి తిరిగి, నిద్రకు పోబోయే ముందు ఆఖరి ముద్ద కోసం అక్కడ చేరేవి. చేతులు నీళ్ళలో పెట్టి, మొహం మాత్రం ఎటో తిప్పుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు చెట్ల వంక చూస్తూ బురదంతా తడిమేవి. దొరికిన గుల్లని రెండు చేతుల మధ్య పెట్టి రుద్ది రుద్ది గాని నోట్లో వేసుకోవు. అందుకే మన పెద్దలు వాటికి ఆ పేరు పెట్టారు. చేతులతో రుద్దేది, తడిమి తెలుసుకునేది అని.

పిల్లకి ఆ పేరు పెట్టింది అమ్మ. పుట్టి ఇంకా కళ్ళు తెరవకముందే అమ్మ మొహం మీద చేతులు వేసి, ముక్కూ మూతీ చెవులూ అన్నీ తడిమి చూసుకుందట. "ఓసి నీ అరాకున్ బుద్ధి!" అని నవ్విందట అమ్మ. ఆ పేరే నిలిచిపోయింది.

మన నదివాళ్ళకి ఒక్క పేరుతో గడవదు. అమ్మ పెట్టిన ముద్దుపేరు ఒకటి. పెళ్ళిలో ఆ ముద్దుపేరు పెట్టి పిలిచి, ఆ పిలుపు మీద ఊరు పెట్టే పేరు ఇంకొకటి. వీటన్నిటి అడుగున దాపుడు పేరు ఉంటుంది. ఈడొచ్చిన ఏడు అమ్మ చెవిలో చెబుతుంది. దాన్ని ఎవరూ పైకి అనరు, ఎవరూ అడగరు. అడగడమంటే పరాయి ఇంట్లో దూరి కుండ మూత తీసి చూసినట్టే.

అరాకున్‌కి ఈడు రాకముందే అమ్మ జ్వరంతో పోయింది. చెవిలో చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఆ సంగతి పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగరు కనుక దాచాల్సిన అవసరమూ రాలేదు.

"ఇంకా రుద్దితే ఆ తోలుకి ప్రాణమొచ్చి లేచి పారిపోతుంది!" అని దోనెలోంచి అరిచాడు కెకాటన్. వలలు తీసుకుని ఆ దారినే పోవడం అతనికి అలవాటు. ఆ దారి దగ్గర కాకపోయినా సరే.

"పారిపోతే పట్టుకొస్తావులే. నువ్వు బాణం వేసిన జింక ఇంకా పరిగెడుతూనే ఉందట కదా. పెద్దమ్మ చెప్పింది."

"మీ పెద్దమ్మ నోరుందే..."

"వింటున్నాన్రా!" అని ఒడ్డు మీంచి ఒపస్కి గొంతు వచ్చింది. తల్లి పోయాక పిల్లని పెంచింది ఆవిడే.

"తేనెపట్టు అంటున్నా అత్తా! మీ నోరు తేనెపట్టు!"

"తేనెపట్టు చుట్టూ ఏముంటాయో కూడా గుర్తుపెట్టుకో. ముందు పెళ్ళినాడు పిల్ల మెడలో వెయ్యడానికి రాగిబిళ్ళ తే, ఆ తర్వాత వేళాకోళాలాడు."

కెకాటన్ నవ్వుతూ తెడ్డు వేశాడు గాని, రాగి మాట వచ్చేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అరాకున్ అది చూసింది. చేతికింద తోలు ఉన్నట్టుండి ఎక్కడ రుద్దినా గరుగ్గానే తగిలింది.

ఇదివరకు రాగి కొండవాళ్ళ దగ్గర్నుంచి వచ్చేది. ఇప్పుడు ఓడవాళ్ళ దగ్గర్నుంచి వస్తోంది. వాళ్ళు సముద్రం దాటి వచ్చి చిత్తడి లంకలో కొయ్యల కోట కట్టుకుని కొన్నాళ్ళయింది. వాళ్ళకి ఆకలెక్కువ, మాటలు తక్కువ. మొక్కజొన్న కొనేవాళ్ళు, తోళ్ళు కొనేవాళ్ళు, అవేవీ లేనినాడు మాటలు కొనేవాళ్ళు. దానికో మనిషి ఉన్నాడు. ఎర్రగడ్డం అనేవాళ్ళం. వచ్చి ఒక వస్తువు వైపు వేలు చూపిస్తాడు. మనవాళ్ళు దాని పేరు చెబుతారు. అతను నోట్లో తిప్పుకుంటాడు. ఆ మాట అతని నాలుక మీద కుదురుకోగానే మన నోళ్ళలోంచి పోతుంది. అమ్మేసిన కుండ ఇంట్లో ఉండదు కదా, అలాగే.

మొదట పోయింది, మంచు పడ్డాక గాని తీపెక్కని ఆ నారింజరంగు పండు పేరు. ముసలి మట్టాపన్ గొడ్డలి కోసం ఇచ్చేశాడు. సాయంత్రం పిల్లలు అది కావాలని ఏడుస్తూ చెట్టు వంక చూపించారు గాని దాన్ని ఏమనాలో తెలియలేదు. "నోరు పిండే పండు అనండి. పేరు పోతే పోయింది, చెట్టు మన వాకిట్లోనే ఉందిగా," అన్నాడు మట్టాపన్. ఆ గొడ్డలి పదును రుచి చూశాక ఆయనే ఎర్రగడ్డం వెంటపడ్డాడు. "మా ఆవిడ తిట్లు కొనుక్కో నాయనా, ఒక్క పూసకి మొత్తం ఇచ్చేస్తా!" ఎర్రగడ్డం కొనలేదు. ఆ ముసలావిడ మాత్రం ఆ పూట ఆయనకి తిండి పెట్టలేదు, తిట్లు పెట్టింది.

ఆకులు రాలడం మొదలైన రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం, అరాకున్ ఇంటి ముందు తోలుకి పొగ పెడుతుంటే, రేవు వైపు నుంచి కెకాటన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మెడలో అరచేతంత రాగిబిళ్ళ ఎండకి నిప్పులా మెరుస్తోంది. దూరం నుంచే చేతులెత్తి ఆమెను పిలవబోయాడు.

నోరు తెరుచుకుంది. మాట రాలేదు.

మళ్ళీ తెరిచాడు. గాలి మింగుతున్న చేపలా ఉన్నాడు. పరుగు నడకైంది. నడక కూడా ఆగిపోయింది.

"ఎర్రగడ్డానికి ఏ మాట ఇచ్చేశావు?" అని అడిగింది ఆ పిల్ల. అడుగుతుండగానే లోపల ఎక్కడో తెలిసిపోయింది.

కెకాటన్ రెండు చేతులూ ముందుకు చాచి ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, మొహం పక్కకి తిప్పాడు.

"అది నా పేరు."

"జంతువు పేరు కదా అని ఇచ్చాను. కోటలో ఒకదాన్ని పట్టి పెట్టుకున్నారు, దాన్నేమంటారని అడిగాడు. నీకు ముద్దుపేరు పోతే ఏముంది, పెళ్ళయ్యాక దాన్ని ఎవరంటారు? లోపలిది ఉంటుంది కదా. అందరికీ ఉంటుంది కదా!"

ఆమె తల దించుకుంది. మన నదిమనిషి ఎవడైనా అలాగే అనుకుంటాడు. లోపలి పేరు లేని మనిషి ఉంటుందని ఎవరికి తడుతుంది? అడగకూడనిది కనుక అతను అడగలేదు. చెప్పకూడనిది కనుక ఆమె చెప్పలేదు. ఎంతసేపటికీ ఆమె తల దించుకునే ఉండటం చూసి కెకాటన్ మొహం మెల్లగా మారిపోయింది.

"లేదా?"

"అమ్మ చెప్పేలోపే పోయింది."

అతను మెడలో రాగిబిళ్ళ తీసి పొగలో విసిరేశాడు. ఒపస్కి వచ్చి పుల్లతో దాన్ని బయటికి లాగింది. "పేరూ పోయి రాగీ పోతే మిగిలేదేమిట్రా, బూడిదా?" అంది. గొంతులో మాత్రం బలం లేదు.

కొత్త పేరు పెట్టేద్దాం అని ఊరంతా అంది. కుదరదన్నాడు పూజారి. ఉన్న పేరు పిలిచి, ఆ పిలుపు మీద కొత్తది పెట్టాలి గాని, గాలి మీద పెడితే నిలవదు. పైగా పాత పేరు ఇంకా ఎవరి నోట్లోనో బతికే ఉంది. బతికున్న పేరుని కాదని ఇంకోటి పెట్టేది చచ్చినవాళ్ళకే.

"అయితే పిల్లని ఏమని పిలవాలి?" అంది ఒపస్కి.

"పిలవకుండా ఉండండి," అన్నాడు పూజారి. ఆయనకి అంతకన్నా తెలియదు.

ఆ మరునాటి నుంచి మొదలైంది. పెద్దమ్మ పక్కన దంచుతూ దంచుతూ ఆ పిల్ల చటుక్కున తల తిప్పేది. "పిలిచావా పెద్దమ్మా?" "లేదే." మళ్ళీ దంచేది. మళ్ళీ తిరిగేది. ఎప్పుడూ ఒక్క వైపుకే, లంక వైపుకే. కోటలో ఎవడైనా ఆ మాట అంటే ఇక్కడ ఆమె వీపు మీద వేలితో తట్టినట్టు ఉండేది. ముందు తల తిరిగింది, తర్వాత కాళ్ళు. ఒక పూట చేతిలో రోకలితోనే ఏటి ఒడ్డున తేలింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంకో పూట నడుం దాకా నీళ్ళలో ఉండగా పక్కింటివాళ్ళు చూసి లాక్కొచ్చారు.

ఒపస్కి తాడు తెచ్చి పిల్ల కాలు ఇంటి గుంజకి కట్టేసింది. పిల్ల వద్దనలేదు. కూర్చుని ఆ తాడుని బొటనవేలితో రుద్దింది. కావాలని కాదు, చేతులు ఊరుకోక. పొద్దు వాలేసరికి తాడు అరిగి తెగిపోయింది.

"తాడుకి తాడు దండగ," అంది ఒపస్కి, తెగిన కొసలు చేతిలో పట్టుకుని. తర్వాత మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. "నీళ్ళలోకి పోతుంది ఇది. ఒకరోజు మనం చూడకుండా పోతుంది."

"వెనక్కి అడుగుదాం. నేనూ వస్తా," అంది పిల్ల కెకాటన్‌తో.

దోనెలో లంక వైపు పోతుంటే అతను తెడ్డు వెయ్యాల్సిన పనే లేకపోయింది. ఆమె ముందు కూర్చుంటే చాలు, దోనె దానంతట అదే సాగింది. కెకాటన్ దారంతా రాగిబిళ్ళని ఒళ్ళో పెట్టుకుని దాని వంక చూడకుండా కూర్చున్నాడు.

కోట గుమ్మంలో ఎర్రగడ్డం ఎదురొచ్చాడు. వీళ్ళని చూసి సంతోషపడ్డాడు పాపం. దోసిట్లో నారింజరంగు పండ్లు తెచ్చి, "పుచ్చమిన్! తినండి, పుచ్చమిన్!" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఇద్దరికీ నోట్లో నీళ్ళూరాయి. మన మాట మనకే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

కెకాటన్ రాగిబిళ్ళ ముందుపెట్టాడు. దాని పక్కన తన విల్లు కూడా పెట్టాడు. "అది తిరిగిచ్చెయ్."

ఎర్రగడ్డానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గడ్డం గోక్కున్నాడు. "నేను ఇస్తా. ఇవ్వనా? కానీ అందరూ నేర్చారు. నా నోరు ఒక్కటి మూస్తే ఏం లాభం?" వెనక్కి చెయ్యి చూపించాడు. పుల్లల బోను చుట్టూ పదిమంది దాకా మూగి ఉన్నారు. లోపల చారలతోక జంతువు. "రకూన్! ఏయ్ రకూన్!" అని పిలుస్తున్నారు. ఆ మాటకి ముందు ముక్క తెగిపోయి, మిగతాది వాళ్ళ నోటికి తగ్గట్టు గుండ్రంగా తయారైంది. అయినా అది తనదేనని ఆ పిల్లకి తెలిసింది. అరిగిన గాజునైనా మనిషి పోల్చుకుంటుంది కదా.

ఆమె బోను దగ్గరికి వెళ్ళింది. జంతువు ఎవరు పిలిచినా పలకడం లేదు. పేరుతో దానికి పనేమిటి? నీళ్ళచిప్పలో చేతులు పెట్టి, ఎటో చూస్తూ, ఖాళీ నీళ్ళనే తడుముతోంది. ఆమె పుల్లల మధ్య వేలు పెడితే అది పట్టుకుని, ముందు గోరు, తర్వాత కణుపు, తర్వాత గోరు పక్కన కాయగాచిన చోటు, అన్నీ నెమ్మదిగా తడిమి చూసింది. వదిలేసింది. తినేది కాదని తెలిసిపోయినట్టుంది.

చాలా రోజుల తర్వాత ఆ పిల్ల కాళ్ళు కుదురుగా నిలబడ్డాయి. అదీ తనవాళ్ళు కానివాళ్ళ మధ్య.

"రేపు ఓడ పోతుంది," అన్నాడు ఎర్రగడ్డం, గొంతు తగ్గించి. "ఇదీ పోతుంది. అక్కడ మా రాజుగారి ఊళ్ళో అందరూ చూస్తారు, అందరూ పిలుస్తారు." ఆమె మొహం చూసి మంచిమనసుతోనే ఇంకో మాట అన్నాడు. "కావాలంటే నువ్వూ రా. నీ పేరు ఎక్కడుంటే నువ్వూ అక్కడ."

తిరుగుదారిలో కెకాటన్ ఒళ్ళు హూనమయ్యేలా తెడ్డు వెయ్యాల్సి వచ్చింది. దోనె వెనక్కి వెనక్కి లాగుతోంది.

"వెళ్తే?" అంది ఆమె.

అతను తెడ్డు ఆపలేదు. "నీకు వెళ్ళాలనుందా?"

"నాకు తెలియడం లేదు. వెళ్ళాలనున్నది నాకా, ఆ పేరుకా?"

"నేను చేసిన పాపం ఇది. ఉండిపొమ్మని నేనెట్లా అడుగుతాను?"

"అడుగు. నువ్వు అడిగితే కదా, వింటానో విననో తెలిసేది."

అతను అడగబోయాడు. అడగాలంటే ముందు పిలవాలి. అలవాటైన చోట మాట లేక, ఆ వెనకాల రావాల్సిన మాటలన్నీ గొంతులోనే నిలిచిపోయాయి.

మర్నాడు పోటు తీశాక, మధ్యాహ్నం ఎండలో ఓడ కదిలింది. సముద్రానికి పోవాలంటే మన రేవు ముందు నుంచే పోవాలి. ఊరంతా ఒడ్డుకి చేరింది. ఒపస్కి పిల్ల రెండు భుజాలూ పట్టుకుని నిలబడింది. పిల్ల వణుకుతోంది గాని కదలడం లేదు. పూజారి ఏదో గొణుగుతున్నాడు. ఓడ సగం దాటింది. ఇంకాసేపట్లో మలుపు తిరిగిపోతుంది.

అప్పుడు బోనులో ఉన్న జంతువు గడియ తడిమి తడిమి తీసేసింది.

ఒడ్డు మీద నుంచి అందరికీ కనిపించింది. చారలతోక తెరచాప కొయ్య మీదికి సరసరా ఎగబాకింది. కింద ఓడవాళ్ళంతా చేతులెత్తి ఒక్కసారే కేకలు పెట్టారు. "రకూన్! రకూన్! రకూన్!" అన్ని గొంతులు, ఒకే మాట. కొయ్య చివర కూర్చున్న జంతువు మాత్రం ఆకాశం వంక చూస్తోంది.

ఒపస్కి చేతుల్లోంచి పిల్ల జారిపోయింది. పరుగు కూడా కాదు, గాలికి ఆకు పోయినట్టు పోయింది. నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, రొమ్ముకి.

కెకాటన్ వెనకాలే దూకాడు. "పిల్లా! ఏయ్ పిల్లా! నిన్నే!" ఒడ్డున ఉన్న ఆడపిల్లలందరూ అతని వైపు తిరిగారు, ఆమె తప్ప. "ఆగు! ఇటు చూడు!" అది ఎవరినైనా అనే మాట. నీళ్ళకైనా అనొచ్చు. ఆమెకు తగల్లేదు.

"గొంతు చించుకుంటే ఏం వస్తుందిరా మొద్దూ! పట్టుకో!" అని ఒపస్కి ఏడుస్తూ తిట్టింది.

భుజాల దాకా నీళ్ళు వచ్చిన చోట పట్టుకున్నాడు. మణికట్టు చిక్కింది. లాగాడు. నిన్న దోనెని లాగిన పిలుపే అతన్నీ లాగింది. ఇద్దరూ ఇంకో అడుగు లోతుకి పోయారు. పిలవడానికి ఏమీ లేదు. అరవడానికీ ఊపిరి లేదు. ఏం చెయ్యాలో తోచక, నీళ్ళ కింద ఆమె బిగిసిన పిడికిలి విప్పదీసి, అరచేతిలో బొటనవేలు పెట్టి రుద్దాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేక తల పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, గుల్ల కోసం బురద తడుముతున్నట్టు రుద్దుతూనే ఉన్నాడు.

ఆమె అడుగు ఆగింది.

"అలా కాదు," అంది.

అతను ఉలిక్కిపడ్డాడు.

"తోలు గీకుతున్నట్టు గీకుతున్నావు. మెల్లగా."

"మెల్లగా అంటే ఎట్లా?"

"లోపల ఏముందో తెలియనట్టు."

అతను మెల్లగా తడిమాడు. ఆల్చిప్ప పట్టిపట్టి మొద్దుబారిన చర్మం, దాని పక్కనే చంటిపిల్ల బుగ్గంత మెత్తటి చోటు, కోసుకున్న పాత గీత ఒకటి. ఇన్నేళ్ళు ఆమె పేరు పెట్టి పిలిచాడు గాని ఇవేవీ అతనికి తెలియవు. ఓడలో కేకలు ఆగలేదు. ఆ కేక వచ్చినప్పుడల్లా ఆమె ఒళ్ళు ముందుకు ఊగింది, అతని వేలు కదిలినప్పుడల్లా వెనక్కి నిలిచింది.

"నాకు వెళ్ళాలనే ఉంది," అంది.

"తెలుసు."

"రేపూ ఉంటుంది. వాళ్ళు అక్కడికి పోయి ఇంకా ఎంతమందికి నేర్పుతారో. ఎప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిద్రలోనూ లేస్తాను. కడుపుతో ఉన్నా లేస్తాను. నీకు విసుగొస్తుంది."

"రానీ."

ఓడ మలుపు తిరిగింది. తెరచాప కొస మాత్రం చెట్ల మీద కాసేపు తెల్లగా కదిలింది. ఆమె తల ఇంకా అటే తిరిగి ఉంది, అది ఇటు తిరగలేదు. నీళ్ళ కింద చెయ్యి మాత్రం మెల్లగా వెనక్కి తిరిగింది. అతని అరచేతి మీద ఆగింది. ఒక్కొక్క వేలే, ఒక్కొక్క కణుపే, అది ఎవరిదో ఇంకా తెలియనట్టు, తడుముకుంటూ వెళ్ళింది.